పొరుగింటి ఆనపకాయ కూర

నరసింహమూర్తి తినే ముందు కంచానికి ఫొటో తీస్తాడు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఆయన పెళ్ళాం గంగాభవాని గుండె ఎలా కుతకుతలాడిపోతోందో కాపురం చేసిన ఆడవాళ్ళకి అర్థమైపోతుంది. మగవాళ్ళ కోసం మాత్రం మొదట్నుంచీ చెప్పుకురావాలి, తప్పదు.

మూర్తి ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో ఫోర్‌మన్. ఇనుముతో పని గనక దేనికైనా కొలతంటూ ఉండాలనే మనిషి. షుగర్ వచ్చిందని తేలినప్పుడు డాక్టరు బిళ్ళలు రాసిచ్చి, "తిండి కాస్త తగ్గించండి" అన్నాడు. ఆ 'కాస్త' దగ్గరే మూర్తికి చిక్కొచ్చి పడింది. కాస్త అంటే ఎంత? గరిటెడా, గుప్పెడా? ఇంటికొచ్చి పెళ్ళాన్ని అడిగితే "కాస్తంటే కాస్తే మరి" అంది. అక్కడే ఆవిడ మొగుణ్ణి చేజార్చుకుంది. షాపులో ఎవరో చెబితే ఆయన ఫోన్లో 'కొత్త ఒళ్ళు' అనే గ్రూపులో చేరిపోయాడు. దానికి కోచ్ ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు. కండలు తిరిగిన ఒళ్ళు, మెత్తటి మాట. వాడు కొలతలు చెప్పాడు. ఇంకేముంది, మూర్తికి సాక్షాత్తూ సింహాద్రి అప్పన్నే ఫోన్లోకి దిగొచ్చినట్టయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నం బంద్. తెల్లారగానే ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి దాని ముందు ఎగరడం. ఎగిరాక గుడ్లు, మొలకలు, ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన ముక్కలు. తినే ముందు ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, కోచ్ బొటనవేలు చూపించేదాకా ముద్ద ముట్టకపోవడం. పోనీ ఆ కోచ్‌దైనా ఒకటే మాటా అంటే అదీ కాదు. గుడ్డులో పచ్చసొన వద్దంటాడు, వారం తిరక్కుండా సొన లేని గుడ్డు గుడ్డే కాదంటాడు. కొర్రలు అమృతమంటాడు, మళ్ళీ కొర్రలు కూడా అన్నం లాంటివేనంటాడు. పప్పులో నెయ్యి వేస్తే గిన్నె పక్కకి తోసేసిన మూర్తి, ఒకరోజు పొద్దున్నే కాఫీలో నెయ్యి వేసి ఇమ్మన్నాడు.

"బావా, నెయ్యి మంచిదా సెడ్డదా? ఏదో ఒకటి తేల్చి సెప్పు. నా బుర్ర తిరిగిపోతంది," అంది భవాని. మూర్తి ఆవిడకి మేనమామ కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.

"కాఫీలో మంచిది. పప్పులో సెడ్డది."

"అదేటి? తానెక్కడున్నదీ నెయ్యికి తెలుస్తాదేటి?"

"నీకు సెప్పినా అర్థం గాదే. కోచ్ సెప్పేడు."

కోచ్ చెప్పాడట! టీలో పంచదార తగ్గించు బావా అని ఆవిడ ఏళ్ళ తరబడి మొత్తుకుంటే చెవిన పెట్టని మనిషి, కూతురి ఈడు కుర్రాడు ఫోన్లోంచి వేలు ఆడిస్తే లేచి నిలబడుతున్నాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా మన పెద్దలు.

ఒక ఆదివారం ఆవిడ ఉండబట్టలేక తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి పోయి, వేలంలో బేరం చేసి వంజరం తెచ్చింది. పులుసు పెట్టింది. ఆ వాసనకి వీధిలో కుక్కలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నాయి. మూర్తి వచ్చి, రెండు ముక్కలు తీసుకుని, కుళాయి కింద పెట్టి పులుసు కడిగేసుకుని తిన్నాడు. భవానికి కళ్ళంట నీళ్ళు తిరిగిపోయాయి.

"నా సేతి కూడు నీకు ఇసంలాగ కనపడతందేటి బావా?" అని అరిచింది. వీధి వీధంతా విన్నది.

నిజం చెప్పాలంటే ఆవిడకి కోపం కన్నా ఏడుపే ఎక్కువ. ఆవిడకి తెలిసిన ప్రేమంతా గరిటెతో వడ్డించేదే. ఇంకో రకం రాదు. ఆ కంచంలో తన చోటు ఎవడో ఎత్తుకుపోయాడు. ఆ చోటు తనకి మళ్ళీ కావాలి. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు, మొగుడి నోట్లోకి తన చేతి ముద్ద ఒక్కటి వెళ్ళాలి, అంతే ఆవిడ కోరిక.

వంటింట్లో పని తగ్గిపోయాక ఆవిడ డాబా ఎక్కింది. దువ్వాడ స్టేషన్ ఇవతల వీళ్ళ ఇల్లు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు మిద్దెతోట గ్రూపు పెట్టుకున్నారు. నెలకోసారి ఒకరి డాబా మీద కలుసుకుని విత్తనాలు పంచుకుంటారు, పేడ ఎరువు గురించి గంటలకి గంటలు మాట్లాడుకుంటారు. భవాని అందులో చేరింది. ఇక్కడ మూర్తిని ఒక్క మాట అనడానికి లేదు. ఆటోనగర్ నుంచి ఖాళీ పెయింటు డబ్బాలు మోసుకొచ్చాడు, షాపులో పైపులు కోయించి తనే వెల్డింగ్ చేసి పందిరి వేసిచ్చాడు. ఎవరో ఇచ్చిన ఆనపగింజలు ఆ పందిరి మీద పాకి, ఎండలు ముదిరేనాటికి పూత పూసి, రెండంటే రెండే కాయలు నిలబడ్డాయి. భవాని రోజూ వాటిని చంటిపిల్లల్లా తడిమి చూసుకునేది.

సరిగ్గా అప్పుడే ఉదయ్‌కుమార్ గ్రూపులో ప్రకటించాడు: వచ్చే వారమంతా పరగడుపున పచ్చి ఆనపకాయ రసం తాగాలి. తొక్కతో సహా మిక్సీ పట్టి, అల్లం, మిరియం, నిమ్మరసం వేసి, గ్లాసుడు. మూర్తి ఆ కబురు చదివి వినిపిస్తుంటే భవానికి చెవుల్లో తేనె పోసినట్టయింది. ఆనపకాయ! తన డాబా మీది ఆనపకాయ!

"బావా, బజార్లో కొనొద్దు. మన కాయే. నా సేత్తో నానే తీసిస్తాను," అంది.

మూర్తి ఫోన్ మీంచి తలెత్తి చూసి, "మన కాయైతే మరీ మంచిది," అన్నాడు.

అయితే తొలికాయ ఇంట్లో వాళ్ళు తినకూడదని భవాని పుట్టింటి ఆనవాయితీ. మొదటి కాయ పక్కింటికి వెళ్ళాలి, అప్పుడే పాదు కలకాలం కాస్తుందని వాళ్ళమ్మ చెప్పేది. శనివారం నాడు పెద్ద కాయ కోసి, పసుపు బొట్టు పెట్టి, గిన్నెలో పెట్టుకుని కేథరిన్ ఇంటికి తీసుకెళ్ళింది. కేథరిన్ బడిలో టీచరు, ఆమె మొగుడు యోహాన్ పోర్టులో పని చేస్తాడు. చాలాకాలంగా ఒకే గోడకి అటూ ఇటూ ఉంటున్నారు.

"నా తొలికాయమ్మా. మా బావ కంటే ముందు నీకే ఇత్తన్నాను," అంది భవాని. కేథరిన్ కాయని రెండు చేతుల్తో అందుకుని గుండెలకి హత్తుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కేథరిన్ ఆ గిన్నె తిరిగి తెచ్చింది. ఖాళీ గిన్నె ఎవరిస్తారు? నిండా ఆనపకాయ కూర, పాలు పోసి వండింది. మూర్తి నూనె తగిలిందని ముట్టుకోలేదు. భవాని గిన్నెలో వేలు పెట్టి నాకి, ఆగలేక అన్నం వండుకుని మరీ మొత్తం తినేసింది. నోట్లో వేస్తే కరిగిపోయింది. పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది.

"మా కాయేనా కేథరినూ? తియ్యగా ఉందే!"

"మీ కాయేనక్కా. వెన్నలాగ ఉడికిపోయింది," అంది కేథరిన్ బట్టలు ఆరేసుకుంటూ.

ఆ రాత్రి భవానికి హాయిగా నిద్ర పట్టింది.

సోమవారం పొద్దున రెండో కాయ కోసింది. మామూలుగా అయితే దోసకాయైనా బీరకాయైనా ముక్క కోసి నాలిక్కి తగిలించి చూడందే ఆవిడ కత్తి ముందుకి కదలదు. ఆ రోజు చూడలేదు. ఎందుకు చూస్తుంది? అదే పాదు కాయ ముందురోజు గిన్నెడు తిని కూర్చుంది. తొక్కతో సహా తరిగి, మిక్సీ పట్టి, వడకట్టి, అల్లం మిరియం వేసి, స్టీలు గ్లాసు నిండా పోసి ఇచ్చింది. మూర్తి గ్లాసుకి ఫొటో తీసి 'మా ఇంటి కాయ' అని రాసి గ్రూపులో పెట్టాడు. ఆ మూడు ముక్కలు చూసి భవాని మొహం చేటంత అయింది. పమిట కొంగు నడుముకి దోపుకుని ఎదురుగా నిలబడింది.

మూర్తి ఒక గుక్క తాగాడు. కనుబొమలు పైకి లేచాయి. గ్లాసులోకి చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు.

"ఎలాగుంది బావా?"

"బాగుందే," అన్నాడు. మళ్ళీ గ్లాసెత్తి, ఊపిరి తీయకుండా మొత్తం తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

ఆవిడ సంబరం చెప్పతరమా! ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఒకసారి చిన్న గెంతు గెంతింది. ఆ గెంతు తల్చుకుంటే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే టిఫిను డబ్బా సర్దుకునే లోపే మూర్తి పొట్ట పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఒక వాంతి, రెండు వాంతులు, ఆ తర్వాత ఆగలేదు. చివరికి ఎర్రగా వచ్చింది. మనిషి చెమటలు కక్కుతూ గోడకి జారబడిపోయాడు.

"ఓలమ్మో, ఎవలైనా రండర్రా! మా బావకేటో అయిపోతంది!" అని భవాని పెట్టిన కేకకి యోహాన్ గోడ దూకి వచ్చాడు. కేథరిన్ కారు తాళాలు తెచ్చింది. గాజువాకలో దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఎమర్జెన్సీలో డాక్టర్ ప్రేమలీల అని ఒక పెద్దావిడ. మూర్తిని పడుకోబెట్టి, రెండు చేతులకీ సెలైన్లు పెట్టించి, బయటికొచ్చి అడిగింది.

"పొద్దున్నుంచి ఏం తిన్నారాయన?"

"ఏటీ తిన్లేదమ్మా. ఆనపకాయ రసం తాగేడు."

డాక్టరమ్మ ఆగి చూసింది. "చేదుగా ఉందా కాయ? చేదు ఆనపకాయ విషమమ్మా. సరిగ్గా ఆలోచించి చెప్పండి."

"సేదా? నేదమ్మా! అదే పాదు కాయ నిన్న నానే తిన్నాను. తియ్యగుంది. కావాలంటే ఇదిగో, ఈవిడే వండింది," అని పక్కనున్న కేథరిన్‌ని చూపించింది భవాని. కేథరిన్ తల వంచుకుని చేతిలో జపమాల తిప్పుకుంటోంది.

"మీ ఆయన ఏమన్నారు తాగేటప్పుడు?"

"బాగుందన్నాడు. ఒక్క సుక్క మిగల్చకుండా తాగేడు."

"అయితే కాయ కాదు," అంది డాక్టరమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు. "చేదైతే గ్లాసుడు ఎవరూ తాగలేరు. మొక్కలకి పురుగుమందు కొట్టారా?"

"వేపనూనేనమ్మా."

"ఇంట్లో ఎలకల మందు గానీ, ఇంకేదైనా గానీ ఉందా?" ఒక్క క్షణం తటపటాయించింది. "మీ ఇద్దరి మధ్య గొడవలేమైనా ఉన్నాయా?"

భవానికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక వంజరం పులుసు నాటి ఆదివారం గుర్తొచ్చింది. నా సేతి కూడు ఇసంలాగ కనపడతందేటి అని తను అరిచిన అరుపు వీధంతా విన్నది కదా! అదే చేత్తో కదా గ్లాసు ఇచ్చింది! డాక్టరమ్మ జవాబు కోసం నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయింది. రక్తం ఏదో పరీక్షకి పంపమని, పురుగుమందు కేసుగా చూడమని నర్సుతో అనడం వినబడింది.

భవాని బల్ల మీద కూలబడింది. సంచిలో మూర్తి ఫోన్ ఉండుండి టింగుమంటోంది. తీసి చూస్తే, పొద్దున పెట్టిన గ్లాసు ఫొటో కింద చప్పట్లు కొట్టే చేతులు, మంటలు, బొటనవేళ్ళు. మనిషి లోపల చావుబతుకుల్లో ఉంటే వీళ్ళు చప్పట్లు కొడుతున్నారు! దాన్ని ఎలా నొక్కితే నోరు మూస్తుందో ఆవిడకి తెలీదు. ఆ కోపంలోనే కోచ్‌కి ఫోన్ కలిపింది.

"బాబూ, నువ్వు తాగమన్న రసం తాగి మా బావ ఆసుపత్రిలో పడున్నాడు. అసలు ఏటది? ఆనపకాయ తాగితే మనిషి పోతాడా?"

అటువైపు కుర్రాడి గొంతు పీలగా అయిపోయింది. "అయ్యో ఆంటీ! చేదుగా ఉంటే తాగొద్దని గ్రూపులో పెట్టాను కదా."

"సేదు నేదు నాయనా. అయినా పోయిన వారం కాకరకాయ రసానికి సేదే మందు, మొహం తిప్పుకోవద్దు అన్నావ్ గదా?"

"అది కాకర ఆంటీ. ఇది ఆనప."

"మరి సేదు మంచిదా సెడ్డదా?"

"కాకరలో మంచిది ఆంటీ, ఆనపలో… ఉండండి, నేను పెట్టిన మెసేజ్ వెతికి చూస్తాను. పెట్టాననే అనుకుంటున్నాను." అని వెతకడానికి వెళ్ళినవాడు మళ్ళీ సాయంత్రందాకా దొరకలేదు.

తన ఫోన్లో మిద్దెతోట గ్రూపులో, ఆనపకాయ విషమెందుకవుతుందని అడిగింది. అక్కడ ఒకరు గింజలోనే లోపం ఉంటుందన్నారు, ఒకరు ఎండకి నీళ్ళు చాలక అలా అవుతుందన్నారు, ఒకరు అడవి పాదు పుప్పొడి తగిలి ఉంటుందన్నారు, ఒకావిడ దిష్టి తీయించమంది, ఇంకొకావిడ మిక్సీ జారు మార్చమంది. ఎవరికి వాళ్ళు తమదే నిజమన్నట్టు చెబుతున్నారు. అన్నీ చదివాక భవానికి పొద్దున్న ఉన్న బుర్ర కూడా లేకుండా పోయింది. ఒక్కటే తలలో గిర్రున తిరుగుతోంది: ఒకే పాదు, ఒకే నీళ్ళు, ఒకే ఎండ. ఒక కాయ అమృతం, ఒక కాయ విషం ఎలా అయింది? కాయ కాకపోతే మరి ఏది? అల్లమా? మిరియమా? నాకు తెలీకుండా నా చేతుల్తో నేనేం కలిపాను?

నర్సు బయటికి వచ్చి, బీపీ పడిపోతోందని, ఏ మందో తెలిస్తే వెంటనే చెప్పమని మళ్ళీ అడిగింది. భవాని దండం పెట్టింది. "నా కూతురి మీద ఒట్టమ్మా, నాకేటీ తెల్దు. ఆ కాయ తియ్యగానే ఉంది. నా కడుపులో ఉంది ఆ కూర!"

అప్పుడు కేథరిన్ చేతిలో జపమాల ఆగిపోయింది.

"అక్కా," అంది. "ఆ కూర మీ కాయది కాదు."

భవాని తిరిగి చూసింది.

"మీరిచ్చిన కాయ కోసి ముక్క నోట్లో వేసుకున్నాను. విషంలాగ చేదు. ఉమ్మేసి నోరు కడుక్కున్నా పోలేదు. కాయ పారేశాను. యోహాన్‌ని పంపించి బజారు నుంచి ఇంకో కాయ తెప్పించి వండాను. మీరు తొలికాయ అన్నారు, బొట్టు పెట్టి తెచ్చారు, మీ మొహం అలా వెలిగిపోతోంది. చేదని ఏ నోటితో చెప్పను? ఖాళీ గిన్నె ఎలా ఇవ్వను? వెంటనే ఇంకో కాయ కోసి రసం తీస్తారని నాకు తెలీదక్కా, ప్రభువు సాక్షిగా తెలీదు." బల్ల మీంచి లేచి నిలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

భవానికి చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టేదే. కానీ కాళ్ళు చేతుల కన్నా ముందు కదిలాయి. ఎమర్జెన్సీ తలుపు తోసుకుని లోపలికి పోయి, "అమ్మా, సేదు! కాయ సేదే! నాను తిన్నది బజారు కాయ!" అని అరిచింది. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. యోహాన్ వెనకే వచ్చి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ పురుగుమందు మాట పక్కనపెట్టి, కడుపులో పుండు పడకుండా మందులు, బీపీ నిలబెట్టే మందులు వేరేగా చెప్పింది. దీనికి విరుగుడంటూ ఏదీ లేదని, ఒంట్లో నీరు పోకుండా కాచుకోవడమేనని అంది.

బయటికొచ్చాక భవాని కేథరిన్‌ని తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు. పోయిన క్రిస్మస్‌కి కేథరిన్ పంపిన కేకు గొంతు దిగక, వీధిలో గేదెకి పెట్టి, "ఎంత బాగుందోనమ్మా, మా బావ మొత్తం తినేసేడు" అని గోడ మీంచి చెప్పింది ఎవరు? తనే. ఇంకెవర్ని తిడుతుంది? మొహమాటానికి పోతే కడుపైందని సామెత చెప్పి నవ్వుకుంటాం గానీ, మొహమాటానికి పోతే ప్రాణాలు కూడా పోయేలా ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. పక్కన చోటు చూపించి కేథరిన్‌ని కూర్చోమంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సాయంత్రందాకా కూర్చున్నారు.

మూర్తి గట్టెక్కాడు. మర్నాటికి బీపీ నిలబడింది, ఆ మర్నాటికి వార్డులోకి మార్చారు. కూతురు జ్యోతిర్మయి రాజమండ్రి నుంచి రైలెక్కి దువ్వాడలో దిగింది. ఉదయ్‌కుమార్ ఒక కొబ్బరిబొండం పట్టుకుని వచ్చి, మంచం పక్కన నిలబడి ఏం చెప్పాలో తెలీక, బొండంలో ఎంత పొటాషియం ఉంటుందో చెప్పి వెళ్ళాడు. పాపం, వాడి కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

డాక్టరమ్మ రౌండ్లకి వచ్చినప్పుడు మూర్తి చెయ్యి పట్టుకుని చూసి, భవానితో అంది. "అదృష్టవంతులు మీరు. ఒక్కటే నాకు అంతుబట్టటం లేదు. అంత చేదు ఒక్క గుక్కకే ఎవరైనా ఉమ్మేస్తారు. ఈయన గ్లాసు మొత్తం ఎలా తాగారు?"

భవానికీ అదే తెలియటం లేదు. షుగర్‌కి నాలిక చచ్చిపోయిందా? కాకర రసాలు తాగి తాగి చేదంటే లెక్కలేకుండా పోయిందా? లేక ఆ కుర్రాడు మొహం తిప్పుకోవద్దన్నాడని తిప్పుకోలేదా? చివరిదే అయ్యుంటుందని మనసు చెప్పింది. చెప్పగానే ఒళ్ళు మండిపోయింది. కోచ్ మాట కోసం ప్రాణం తీసుకుంటాడా ఈ మనిషి!

డాక్టరమ్మ పలచగా ఏదైనా తాగించమంది. భవాని ఇంటికి పోయి, ఆరు నెలలుగా మూర్తి కోసం తెరవని బియ్యం డబ్బా మూత తీసి, గుప్పెడు బియ్యంతో గంజి కాచి, సీసాలో పోసుకుని పరుగున వచ్చింది. మూర్తిని లేపి దిండుకి ఆనించి కూర్చోబెట్టి, గిన్నెలో పోసి చెంచా అందించింది. ఆయన ఫోన్ ఎక్కడుందని అడగలేదు. చెంచా పట్టుకున్నాడు.

"బావా, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. సేదు తెలీనేదా నీకు?"

"తెలిసింది."

"మరేల తాగేవ్? ఆ కోచ్ సెప్పేడనా?"

మూర్తి తల అడ్డంగా ఊపాడు. గంజిలో చెంచా తిప్పాడు.

"నువ్వు ఎదురుగుండా నిలబడి సూత్తన్నావ్ గదే. నవ్వుతా నిలబడ్డావ్. నువ్వు నవ్వి ఆర్నెల్లయింది. ఎలాగ ఉమ్మను?"

భవానికి ఏం వినిపించిందో ఒక పట్టాన తలకెక్కలేదు. ఎక్కాక ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటే చెప్పలేనంత కోపమూ వచ్చింది. తన నవ్వు కోసం విషం మింగాడని మురిసిపోవాలా, తనకి నిజం చెప్పలేకపోయాడని కుమిలిపోవాలా? పక్కింటావిడ దగ్గర మొహమాటం సరే. మంచం మీద పక్కన పడుకునే దాని దగ్గర కూడానా?

"నాను పరాయిదాన్నేటి బావా? బాగోనేదని ఒక్క మాట అంటే నాను సచ్చిపోతానేటి? నువ్వు సచ్చిపోయేవాడివి గదా!" అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది. పక్క మంచాల వాళ్ళు ఇటు చూస్తున్నారు. చూడనీ. "తాగు. సల్లారిపోతంది."

మూర్తి చెంచాడు గంజి నోట్లో పోసుకుని మింగాడు.

"ఎలాగుంది?"

"బాగుందే."

ఏమనుకుందో ఏమో, భవాని ఆయన చేతిలోంచి చెంచా లాక్కుని తను ఒక చెంచా తాగి చూసింది. చప్పగా, కుళాయి నీళ్ళలా ఉంది. హడావిడిలో ఉప్పు వేయడమే మర్చిపోయింది.

చెంచా పట్టుకుని మొగుడి మొహంలోకి చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి గోడ తప్ప ఏమీ కనబడదు. ఆవిడ చూపు తిప్పలేదు. ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయిన వాడిలా చివరికి మెల్లిగా అన్నాడు.

"ఉప్పు నేదే."

భవానికి గుండెల మీంచి బండ దించినట్టయింది. వెంటనే ఇంకో అనుమానం వచ్చి కూర్చుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మనిషి కంచం ముందు బాగుందంటూనే ఉన్నాడు. అందులో ఎన్ని నిజం? చెంచా పక్కన పెట్టి, కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుంది.

"సరే. ఇంకేటేటి బాగోవు నా వంటలో? ఇయ్యాల అన్నీ సెప్పేయ్."

మూర్తి వెనక్కి ఆనుకుని, పైకప్పు వైపు చూస్తూ ఆలోచించడం మొదలుపెట్టాడు. మొదట్లో భవాని కొంగు సర్దుకుని ధైర్యంగానే కూర్చుంది. ఆ ఆలోచన ఎంతకీ తెగకపోయేసరికి ఆవిడకి భయమేసింది.